బాకాపై తారస్థాయి సాధన

మాఘమాసం వచ్చినదంటే కోనసీమ కాలువగట్లకు నిద్ర ఉండదు. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో ఏ ఊరు చూచినా పెండ్లిపందిళ్లే. పొద్దు వాలి, కొబ్బరిచెట్ల నీడలు బాటకు అడ్డంగా పడేవేళ ఊరేగింపు బయలుదేరుతుంది. డ్రమ్ములు, క్లారినెట్లు, వాటి నడుమ తళతళలాడే ఇత్తడి బాకాలు. అందరికీ తెలిసిన సినిమాపాట ఒకటి ఎత్తుకొంటారు. పల్లవి సాఫీగా సాగుతుంది. చరణం చివర పాట తారస్థాయికి ఎక్కవలసిన చోటు వస్తుంది. అప్పుడు బాకా వాయించే మనిషి మెడనరాలు ఉబ్బుతాయి. వాద్యాన్ని పెదవికి గట్టిగా అదుముకొంటాడు. స్వరం ఒక్క క్షణం నిలిచినట్లే నిలిచి, పగిలి, ప్రక్క స్వరం మీద పడుతుంది. అరుగులమీద కూర్చున్నవారు నవ్వుకొంటారు. “బ్యాండు మేళం కదా, అంతే!” అంటారు.

ఆ ‘అంతే’ అన్న మాటలో రెండు అన్యాయాలున్నవి. ఇత్తడి వాద్యం అపస్వరాలకే పుట్టినదని అనుకోవటం ఒకటి. దానిని పట్టినవాడికి సుస్వరం అక్కరలేదని అనుకోవటం రెండవది. ఈ రెండూ నిజం కావు. తారస్థాయి స్వరం బాకాలో పగలటానికి స్పష్టమైన కారణమున్నది. అది పగలకుండా నిలవటానికి స్పష్టమైన మార్గమూ ఉన్నది. ఆ మార్గం బలం కాదు, అభ్యాసం.

బాకా మనకు పరాయి వస్తువేమీ కాదు. మన ప్రబంధాలలో దండయాత్ర వర్ణన వచ్చిన చోటనెల్లా కాహళులూ తూర్యాలూ మ్రోగుతాయి. పల్లెలలో బూర, కొమ్ము అన్న మాటలు నేటికీ నిలిచి ఉన్నవి. వంకర తిరిగిన ఇత్తడికొమ్ముకు రంధ్రాలు లేవు, మీటలు లేవు. ఉన్నదల్లా ఒక చివర పెదవి, రెండవ చివర నోరు తెరచిన గొట్టం. అయినా దానిపై ఒకటికంటే ఎక్కువ స్వరాలు పలుకుతవి. ఎట్లా పలుకుతవో తెలిస్తే తారస్థాయి మర్మం సగం తెలిసినట్లే.

సన్నాయిలో స్వరాన్ని పుట్టించేది పీక. బాకాలో పీక లేదు. వాయించేవాడి పెదవులే పీక. రెండు పెదవులను సన్నగా కలిపి, వాటి నడుమనుండి ఊపిరిని పంపితే అవి తుమ్మెదవలె ఝుమ్మని అదురుతవి. ఆ అదురును గొట్టంలోని గాలి అందుకొంటుంది. అయితే గొట్టం అన్ని అదురులనూ ఒప్పుకోదు. తన పొడవుకు సరిపడిన కొన్నింటినే ఒప్పుకొంటుంది. వాటినే సహజస్వరాలు అనవచ్చును. మన సంగీతభాషలో చెబితే, వరుసగా రెండవ మెట్టు షడ్జం, మూడవది పంచమం, నాలుగవది పై షడ్జం, ఐదవది అంతర గాంధారం, ఆరవది మళ్లీ పంచమం. ఏడవది కైశికి నిషాదాన్ని తలపిస్తుంది గాని దానికంటె కొంచెం తగ్గి ఉంటుంది. ఎనిమిదవది మళ్లీ షడ్జం, తొమ్మిదవది రిషభం, పదవది గాంధారం.

ఈ మెట్లను ఒక నిచ్చెనగా ఊహించుకొంటే చిక్కు బోధపడుతుంది. క్రింది మెట్లు దూరదూరంగా ఉన్నవి. షడ్జం తరువాత ఏకంగా పంచమమే. పైకి పోయినకొద్దీ మెట్లు దగ్గరవుతవి. షడ్జం ప్రక్కనే రిషభం, రిషభం ప్రక్కనే గాంధారం. నేడు బ్యాండు మేళాలలో వాడే సాధారణ ట్రంపెట్టు గొట్టాన్ని సాగదీస్తే సుమారు ఒకటిన్నర మీటరు ఉంటుంది. దానిలో రెండవ మెట్టుకు పెదవి సెకనుకు సుమారు 233 సార్లు అదరవలెను, మూడవ మెట్టుకు 350 సార్లు. అంటే సగానికి సగం ఎక్కువ. అక్కడ పెదవి కొంచెం తప్పినా గొట్టమే దానిని సరియైన స్వరంలోకి లాగుకొంటుంది. ఎనిమిదవ మెట్టుకు 932 సార్లు, తొమ్మిదవదానికి సుమారు 1049 సార్లు. ఇక్కడ తేడా ఎనిమిదవ వంతు మాత్రమే. పెదవి బిగువులో వెంట్రుకవాసి తేడా వచ్చినా కాలు ప్రక్క మెట్టుమీద పడుతుంది. పైగా అంత ఎత్తు స్వరాలను గొట్టం తనలో నిలుపుకోలేదు. వెడల్పైన నోటిగుండా అవి బయటకు జారిపోతవి. క్రింద గొట్టం వాద్యకారుడికి ఊతమిస్తుంది. పైకి పోయినకొద్దీ ఆ ఊత తగ్గుతుంది. తారస్థాయిలో వాద్యకారుడు దాదాపు ఒంటరివాడు.

మీటలు ఉన్నవి కదా, అవి ఆదుకోవా అని అడగవచ్చును. మీటల ఏర్పాటు పాతది కాదు. స్టోల్జెల్, బ్లూమెల్ అనే ఇద్దరు జర్మను వాద్యకారులు 1818లో ప్రష్యా ప్రభుత్వం నుండి దానికి హక్కుపత్రం పొందినారు. నేటి ట్రంపెట్టుకు మూడు మీటలు. ఒక్కొక్కటీ నొక్కితే గొట్టం కొంచెం పొడవై, స్వరం దిగుతుంది. నడిమి మీట అరస్వరం, మొదటిది ఒక స్వరం, మూడవది ఒకటిన్నర స్వరం దించుతుంది. సహజస్వరాల నడుమ ఉన్న ఖాళీలు ఈ విధంగా నిండినవి. కాని తారస్థాయిలో ఒకే మీట నొక్కి ఉంచి నాలుగైదు వేరువేరు స్వరాలు పలికించవచ్చును. అందుచేత వ్రేలు సరిగా పడినంతమాత్రాన స్వరం సరిగా పడదు. మీటలు వచ్చిన తరువాత కూడా తారస్థాయిలో బాకా పాత కొమ్మే.

ఈ వాద్యాలు మన పెండ్లిపందిళ్లకు వచ్చిన దారి కూడా తెలుసుకోదగినది. తెల్లవారి పటాలాలతో బ్యాండ్లు వచ్చినవి. వారిని చూచి సంస్థానాధీశులు బ్యాండ్లు పెట్టుకొన్నారు. 1798 నుండి 1832 వరకు తంజావూరును ఏలిన శరభోజి ఆస్థానంలో పాశ్చాత్య వాద్యబృందం ఉండేది. క్రమంగా ఆ వేడుక పెండ్లిళ్లకు దిగినది. ఉత్తరాన మీరట్ నగరంలో ఇత్తడి వాద్యాల తయారీ పెద్ద పరిశ్రమ అయినది. అక్కడి నాదిర్ అలీ సంస్థ 1885లో ప్రారంభమైనది. వాద్యం వచ్చినది, ఎర్రకోటు వచ్చినది. కాని పటాలంలో బ్యాండు మాస్టరు ప్రతి ఉదయం దగ్గర నిలబెట్టి చేయించిన క్రమశిక్షణ మాత్రం వాటి వెంట పూర్తిగా రాలేదు. కుర్రవాడు అన్నగారి ప్రక్కన నిలబడి, చూచి, విని, ఊరేగింపులోనే నేర్చుకొన్నాడు. పాట వచ్చినది, పెదవి సిద్ధం కాలేదు.

పెదవి సిద్ధం కాని మనిషి తారస్థాయికి ఎక్కటానికి ఒకే ఉపాయం తోచుతుంది. వాద్యాన్ని పెదవికేసి అదమటం. అట్లా అదిమితే స్వరం నిజంగానే కొంచెం పైకి పోతుంది. అదే మోసం. మౌత్‌పీసు అంచు క్రింద పెదవి నలిగి, నెత్తురు ఆడక, మొద్దుబారుతుంది. మొద్దుబారిన పెదవి అదరదు. అదరదు గనుక ఇంకా గట్టిగా అదుముతాడు. అరగంట గడిచేసరికి మధ్యస్థాయి కూడా పోతుంది. ఈ మార్గం ఎంతటివారినైనా విడిచిపెట్టదు. అమెరికాలో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ తారస్వరాల ధారకు లోకం ముగ్ధమైనది. రాత్రి తరువాత రాత్రి, స్వరం తరువాత స్వరం పెదవిమీద భారం వేయగా వేయగా అది చీలి, 1935లో ఆయన కొన్ని నెలలు వాద్యాన్ని ప్రక్కన పెట్టవలసి వచ్చినది. ఆయన తిరిగి వాయించినాడు, మరింత కీర్తి గడించినాడు. కాని పెదవిమీది మచ్చ జీవితాంతం ఉండిపోయినది.

మరి సరియైన మార్గమేది? పాశ్చాత్య గురువులు దానిని గ్రంథాలలో పెట్టినారు. పారిస్ నగరానికి చెందిన ఆర్బాన్ 1864లో ప్రచురించిన కార్నెట్ బోధిని నేటికీ ఆ విద్యకు పెద్దబాలశిక్ష వంటిది. అమెరికాలో హెర్బర్ట్ క్లార్క్ 1912లో ప్రచురించిన అభ్యాసాలలో ప్రధానమైన నియమం వినటానికి వింతగా ఉంటుంది. వీలైనంత మెల్లగా వాయించవలెను. అరచి పలికించే స్వరంలో తప్పు దాగిపోతుంది. గుసగుసవలె పలికించే స్వరంలో ప్రతి వణుకూ వినబడుతుంది. మెల్లగా పలికించగలిగిన స్వరాన్ని ఎప్పుడైనా బిగ్గరగా పలికించవచ్చును. బిగ్గరగా మాత్రమే పలికే స్వరం మన చేతిలో ఉన్నది కాదు.

క్రమం ఇట్లా ఉంటుంది. మొదట ఊపిరి. భుజాలు లేవకుండా, పొట్ట ప్రక్కలు నిండేటట్లు గాలి పీల్చి, ఎక్కడా ఆపకుండా విడవటం నేర్వవలెను. తరువాత వాద్యం లేకుండా మౌత్‌పీసు మాత్రం పెదవికి ఆనించి, దానిలోనే చిన్న చిన్న సంచారాలు పలికించవలెను. గొట్టం సాయం లేదు గనుక పెదవి చేసే తప్పు ఇక్కడ స్పష్టంగా తెలుస్తుంది. ఆ పిమ్మట వాద్యం ఎత్తి, మధ్యస్థాయిలో ఒక్కొక్క స్వరాన్ని ఊపిరి ఉన్నంతసేపు నిలపాలి. నిశ్శబ్దం నుండి మొదలుపెట్టి, మెల్లగా పెంచి, మళ్లీ నిశ్శబ్దంలో కలిపివేయవలెను. దీనికి రోజూ పావుగంట చాలును, కాని ఒక్కరోజు మానరాదు.

తరువాతిది అసలు సాధన. మీటలు కదపకుండా పెదవితోనే ఒక మెట్టునుండి ప్రక్క మెట్టుకు జారటం, తిరిగి దిగటం. నాలుకతో కొట్టరాదు, ఊపిరి ఆపరాదు. క్రింది స్వరానికి నోటిలో నాలుక ‘ఆ’ అన్నట్లు పడుకొంటుంది. పై స్వరానికి ‘ఈ’ అన్నట్లు లేస్తుంది. దానితో గాలిదారి సన్నబడి, ఊపిరి వేగం పెరుగుతుంది. పెదవి మూలలు బిగుస్తవి, నడుమ భాగం మెత్తగానే ఉంటుంది. కొబ్బరి దింపు కార్మికుడు చెట్టును ఉన్న బలమంతా పెట్టి కరచుకొంటే సగం ఎక్కేసరికే అలసిపోతాడు. ఎక్కడ పట్టవలెనో అక్కడ పట్టి, మిగిలిన శరీరాన్ని వదులుగా ఉంచుతాడు. బాకాపై ఎక్కటమూ అంతే. ఈ అభ్యాసం తేలిక అయిన తరువాతనే ఒక అరస్వరం పైకి జరగవలెను. అరస్వరానికి ఒక వారం పట్టినా, నెల పట్టినా తొందర పనికిరాదు.

ఇందులో విశ్రాంతి కూడా సాధనలో భాగమే. ఎంతసేపు వాయించినారో అంతసేపు వాద్యాన్ని దించి ఉంచవలెను. పెదవి చుట్టూ వలయంగా ఉన్న కండరం చిన్నది. అలసిన తరువాత దానిచేత పని చేయిస్తే బలం రాదు సరిగదా, చెడ్డ అలవాటు వస్తుంది. తారస్వరాల పని ముగిసిన పిదప కొద్దిసేపు మంద్రస్వరాలు వదులుగా పలికించి, పెదవిని సేదదీర్చవలెను.

ఇంతవరకు చెప్పినది పెదవి సంగతి. స్వరం గురి పెదవిలో కంటే చెవిలో ఎక్కువ ఉన్నది. నిచ్చెనపై మెట్లు కంటికి కనబడవు, కాలు వేయబోయే మెట్టును ముందే మనస్సులో చూడవలెను. అందుకని తారషడ్జం పలికించబోయే ముందు దానిని గొంతుతో పాడుకోవలెను. గొంతుకు అందకపోతే క్రింది స్థాయిలో పాడి, మనస్సులో పైకి వినవలెను. విన్న స్వరానికి పెదవి తానుగా బిగుస్తుంది. వినని స్వరానికి ఎంత బిగించినా అది గుడ్డిదెబ్బే. మన గాయకులకు ఇది క్రొత్త సంగతి కాదు. తెల్లవారుజామున మంద్రస్థాయిలో అకారసాధన చేసినవాడికే తారస్థాయి నిలుస్తుందని మన సంప్రదాయం. ఆ మాట గొంతుకు ఎంత నిజమో పెదవికీ అంత నిజం.

సాధకుడికి ఒక చిన్న పరీక్ష ఉన్నది. ఉదయం పెదవి సిద్ధమైన పిదప, తారస్థాయిలో ఒక స్వరాన్ని ఎన్నుకొని, దాని క్రింది స్వరాల ఆసరా లేకుండా నేరుగా పదిసార్లు పలికించి చూడవలెను. ప్రతిసారీ వాద్యాన్ని దించి, మళ్లీ ఎత్తవలెను. పదింటిలో ఎన్ని సూటిగా పడినవో గోడమీద గీతలు పెట్టుకోవచ్చును. పడిన స్వరం ఎంత ఎత్తుదని కాదు, పడవలసిన చోట ఎన్నిసార్లు పడినదన్నదే లెక్క. పదికి పది పడని స్వరాన్ని పందిరిలోకి తీసుకొనిపోరాదు. అంతవరకు ఆ పాటను ఒక స్వరం దించి ఎత్తుకొంటే పరువు తక్కువ లేదు.

వాతావరణమూ లెక్కలోకి వస్తుంది. గాలి వేడెక్కితే ధ్వనివేగం పెరుగుతుంది. 20 డిగ్రీల వేడిలో సెకనుకు సుమారు 343 మీటర్లు, 30 డిగ్రీలలో సుమారు 349 మీటర్లు. అందుచేత వైశాఖపు ఎండలో బాకా శ్రుతి పైకి లేస్తుంది. మాఘమాసపు మంచులో చల్లబడిన ఇత్తడి శ్రుతి దిగుతుంది. ఊరేగింపు కదిలే ముందు వాద్యంలో వెచ్చని ఊపిరి నింపి, శ్రుతిగొట్టాన్ని సవరించుకొని, క్లారినెట్టుతో కలుపుకోవటానికి రెండు నిమిషాలు పట్టవు. ఆ రెండు నిమిషాలు మానినందువల్ల రాత్రంతా మేళం మేళంతో కలవకుండా పోతుంది.

ఇంత శ్రమ ఎవరికోసమని నిట్టూర్చేవారున్నారు. లౌడుస్పీకర్ల పెట్టెలను బండికెక్కించి, ఒక మీట నొక్కితే వందమంది బ్యాండు చేయలేని చప్పుడు చేస్తున్నవి. వాటితో చప్పుడులో పోటీపడి బ్యాండు గెలవలేదు. గెలవవలసిన పనీ లేదు. పెట్టె చేయలేనిది ఒకటున్నది. కండ్లయెదుట ఒక మనిషి తన ఊపిరితో ఒక స్వరాన్ని పైకెత్తి నిలపటం. అది నిలిచిన క్షణంలో అరుగుమీది నవ్వు ఆగుతుంది. కనుక గురి తప్పని తారస్వరం బ్యాండువాడికి ఆభరణం కాదు, జీవనాధారం.

అభ్యాసం ఒక తరంపాటు ఆగితే విద్య ఏమవుతుందో యూరపు చరిత్రే చెబుతుంది. బాఖ్ 1721లో ఒక ప్రభువుకు సమర్పించిన బ్రాండెన్‌బర్గ్ వాద్యగోష్ఠులలో రెండవదానిలో, మీటలులేని బాకాకు అత్యంత తారస్థాయిలో స్వరాలు వ్రాసినాడు. అప్పటి వాద్యకారులు వాటిని వాయించినారు. ఆ సాధన పద్ధతి 18వ శతాబ్ది చివరకు అంతరించినది. 19వ శతాబ్దిలో ఆ స్వరాలు మానవుడికి సాధ్యం కావన్నంతగా భయపడినారు. గొట్టం మారలేదు, పెదవి మారలేదు. నేర్పేవాడు లేకపోయినాడు. మళ్లీ చిన్న బాకాలు తయారుచేసుకొని, పాత పద్ధతులు వెదకుకొని, 20వ శతాబ్దిలో ఆ విద్యను తిరిగి తెచ్చుకొన్నారు.

మనవద్ద ఈ విద్యకు మరొక భారమున్నది. మంగళవాద్యం పలుకనిదే మన శుభకార్యం జరుగదు. కాని దానిని పలికించిన మనిషికి పంక్తిలో చోటివ్వటానికి మన ఊళ్లు చిరకాలం వెనుకాడినవి. 2024లో వచ్చిన ‘అంబాజీపేట మ్యారేజి బ్యాండు’ చలనచిత్రం కోనసీమ బ్యాండు కుర్రవాడిని నాయకుడిగా నిలిపి, అతడి ఆత్మగౌరవాన్నే కథావస్తువుగా తీసుకొన్నది. దుష్యంత్ కటికనేని దర్శకత్వంలో సుహాస్ ఆ పాత్ర ధరించినాడు. ఆ గౌరవాన్ని సమాజం ఇవ్వవలెను, అందులో సందేహం లేదు. అయితే విద్య సైతం ఆ గౌరవాన్ని తెచ్చిపెట్టిన సందర్భాలు మన ఎదుట ఉన్నవి. ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో జన్మించిన షేక్ చిన మౌలానా నాదస్వరం చేతబట్టి, తంజావూరు బాణీ మర్మాలకోసం నాచియార్‌కోయిల్ గురువులను ఆశ్రయించి, శ్రీరంగంలో స్థిరపడినారు. 1998లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదమిచ్చినది. ఆ బిరుదు వెనుక ఉన్నది సాధనే.

బ్యాండువాడికి సాధనకు తీరిక ఎక్కడిదని అడగవచ్చును. పంచాంగమే ఇచ్చినది. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, పెండ్లి ముహూర్తాలు లేని నెలలు. మూఢం వస్తే మరికొన్ని వారాలు. ఆ రోజులలో చేతిలో పని ఉండదు. కూలికి పోవలసి వస్తుంది. వాద్యం అటకెక్కుతుంది, పెదవి బలం కరిగిపోతుంది. తీరా ముహూర్తాలు మొదలయ్యేసరికి మెత్తబడిన పెదవితో రాత్రికి నాలుగైదు గంటలు వాయించవలెను. అదిమి వాయించటం అక్కడ మొదలవుతుంది. కూలికి పోయే ముందు అరగంట వాద్యానికి ఇవ్వగలిగితే, ముహూర్తం లేని నెలే సాధనకు ముహూర్తం. ఆ అరగంట అతడికి దక్కేటట్లు చూడటం వినేవారి బాధ్యత కూడా. మేళం మాట్లాడుకొనేటప్పుడు చివరి రూపాయి దగ్గర గీచి గీచి బేరమాడేవారు, పలికిన స్వరం సూటిగా పడినదో లేదో కూడా ఒకసారి చెవియొగ్గి వినవలెను.

ఆషాఢమాసపు ఉదయం. వాన వెలిసినది. కాలువలో క్రొత్తనీరు ఎర్రగా పారుతున్నది. కొబ్బరితోట నడుమ ఒక చిన్న ఇంటి వెనుకనుండి ఒకే ఒక స్వరం వినబడుతుంది. మెల్లగా మొదలై, పెరిగి, తగ్గి, నిలిచిపోతుంది. కొంతసేపు నిశ్శబ్దం. మళ్లీ అదే స్వరం. గట్టుమీద పోయేవాడికి అది పాట అనిపించదు, విసుగు కూడా కలుగవచ్చును. కాని వచ్చే మాఘమాసంలో చరణం చివర నిలువబోయే స్వరం అదే.